తాళంచెవి ఎవరి దగ్గర?

మా ఇంట్లో తుపాకీ ఉందంటే హాస్టల్లో మొదట ఎవడూ నమ్మలేదు. నమ్మాక అందరూ అడిగింది ఒకటే, "ఒక ఫొటో తియ్యరా మామా." ఎక్కడ పెడతారు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేను రాయాలనుకున్నది ఆ అడగని ప్రశ్న గురించే.

మా తాతయ్య ఆర్మీలో చేసి, రిటైరయ్యాక గాజువాకలో ఒక బ్యాంకు ముందు ఇరవయ్యేళ్ళు కాపలా కాశారు. ఉత్తరాంధ్రలో ఇది చాలా ఇళ్ళ కథే. సొంత లైసెన్సు, సొంత పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉన్న మాజీ సైనికుడికి గార్డు ఉద్యోగం తొందరగా దొరికేది. ఉద్యోగం అయిపోయింది, తుపాకీ ఇంట్లో మిగిలింది. నా చిన్నప్పుడు అది నాన్నమ్మ పట్టుచీరల బీరువాలో, తోలు సంచిలో, కలరా ఉండల వాసనతో ఉండేది. తాళంచెవి దేవుడి గదిలో వెంకన్న పటం వెనక. ఇది ఇంటి రహస్యం. ఇంట్లో పదకొండు మందికీ, పాలబ్బాయికీ తెలిసిన రహస్యం.

ఎక్కడుందో అందరికీ తెలిసిన తుపాకీ ఏమవుతుందో మన ఏజెన్సీకి కొత్త కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లలోని తుపాకులు అల్లూరి సీతారామరాజు దళం చేతికొచ్చాయి. ఆయన కారణం గొప్పది, ఆ మాట వేరు. భద్రత సంగతే చూస్తే, సర్కారువారి ఆయుధాల గదులే నిలవలేదు. పటం వెనక తాళం ఎంత?

ఇంతకీ బీరువా చాలదా అంటారు. చాలదు. మనం ఇళ్ళలో వాడే స్టీలు బీరువా రేకు సాధారణంగా మిల్లీమీటరు కంటే పల్చన. చిన్న గునపం ఉంటే తలుపు మూల మడతపెట్టొచ్చు. (ఇంకో మాట. మన విశాఖ ఉక్కు చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్. రేకు చెయ్యదు. కాబట్టి బీరువా మనది కాదు, అది ఆనుకున్న పిల్లర్లో కడ్డీ మనది కావచ్చు.) సరే, మూడు మిల్లీమీటర్ల రేకుతో చేసిన పెట్టె కొన్నామనుకుందాం. డబుల్ బ్యారెల్ నిలువుగా పట్టాలంటే 130 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 30 లోతు కావాలి. ఆరు పలకల వైశాల్యం కూడితే 1.9 చదరపు మీటర్లు. మందంతో, ఉక్కు సాంద్రత 7850తో గుణిస్తే 45 కేజీలు వస్తుంది. అంటే రెండు బియ్యం బస్తాల కంటే తక్కువ! ఇద్దరు మనుషులు పెట్టె తెరవకుండానే మెట్లు దింపి ఆటోలో వేసుకుపోవచ్చు. కేటలాగులో తాళం బొమ్మ చూసి మురిసిపోయేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చేసుకోవాలి. గోడకీ నేలకీ బిగించని సేఫ్ ఉత్త సూట్‌కేసు.

ఇంకో దారి కూడా ఉంది. డబుల్ బ్యారెల్‌ని విప్పితే మూడు ముక్కలవుతుంది. అలా విప్పి పెట్టుకుంటే పొట్టి పెట్టె చాలు, ఆ డబ్బుతో మందం రేకు కొనుక్కోవచ్చు. నా ఓటు దీనికే. తూటాలు మాత్రం వేరే తాళంలో, వేరే చోట ఉండాలి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే రెండు తాళాలున్నా ఒకటే లెక్క.

ఎక్కడ బిగించాలి అన్నదాని మీద మా ఇంట్లో నెల రోజులు అసెంబ్లీ నడిచింది. హాల్లో పెడదామన్నాడు బాబాయి, వచ్చినవాళ్ళకి కనబడాలని. కనబడకూడదనే కదా కొనేది! దేవుడి గది అంది నాన్నమ్మ, దసరాకి ఆయుధ పూజ అక్కడే కాబట్టి. ఆ పూజలో తుపాకీకి తడి పసుపు, కుంకుమ పెట్టి మర్నాటిదాకా వదిలేస్తాం. బ్యారెల్ మీద మూడు చుక్కల తుప్పు ఇప్పటికీ ఉంది. చివరికి తాతయ్య పడుకునే గదిలో, రెండు గోడలు కలిసే మూల ఖాయం చేశాం. తలుపు తెరుచుకునే అంచు గోడ వైపు ఉంటే గునపం పెట్టి తిప్పడానికి చోటు దొరకదు. బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ వద్దని గట్టిగా చెప్పాను, చెమ్మ దిగుతుంది. మేస్త్రీ పిల్లర్‌కే డ్రిల్ పెట్టబోయాడు. లోపల కడ్డీ తగులుతుంది బాబూ అని ఆపి, ఇటుక గోడకి రెండు, నేలకి రెండు యాంకర్ బోల్టులు వేయించాం.

ఊరు వైజాగ్ కాబట్టి తుప్పు గురించి చెప్పకుండా ఉండలేను. ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే రెండేళ్ళు ఆగదు. తోలు సంచీ, స్పాంజి మెత్తా చెమ్మని పీల్చి ఇనుముకి అంటిస్తాయి, వాటిలో పెట్టి మూసెయ్యడం కంటే నూనె గుడ్డతో తుడిచి ఉత్తగా నిలబెట్టడం నయం. సిలికా జెల్ పొట్లాలు వేసి మర్చిపోతే లాభం లేదు, నెలకోసారి చూసి మార్చాలి.

తాళంలో కూడా బోలెడు రకాలు. నంబర్ల కీప్యాడ్ అంటే కరెంటు పోతే ఎలా అని నాన్నమ్మ భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు కదా మరి. నిజానికి అవి బ్యాటరీ మీద నడుస్తాయి, కరెంటుతో పనిలేదు. కానీ ఆ రోజు కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా గదుల్లోకి కొట్టింది. నీళ్ళకి, ఉప్పుకి సర్క్యూటు కంటే ఇత్తడి తాళంచెవే గట్టిది. అందుకే మామూలు తాళం తీసుకుని, కింద అరడుగు దిమ్మ కట్టించి పెట్టె దాని మీద నిలబెట్టాం.

తాళంచెవి అన్నాను కదా. ఇక్కడ ఒకటి రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. ఈ పెట్టె కొనకముందు సంగతి. థర్డ్ సెమ్‌లో నాకు మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంటికెళ్ళాను, ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి హాల్లో పడుకుని దేవుడి గది తలుపు వైపే చూస్తున్నానని కాసేపటికి గానీ నాకే తెలియలేదు. లేవలేదు. పొద్దున్న తాతయ్య పెరట్లో వేప పుల్ల నములుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"తాతయ్యా, తాళం అక్కడ పెట్టకు."

"ఏటైందిరా?"

"నాకు తెలీని చోట పెట్టు."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. మళ్ళీ అడగలేదు. తాళం ఆ పూటే ఆయన మొలతాడుకి ఎక్కింది. సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లడఖ్ చలి గురించి రెండు గంటలు మాట్లాడారు. మధ్యలో ఎప్పుడో నేనే మార్కుల సంగతి చెప్పేశాను.

అలాంటి క్షణం వస్తుంది, పోతుంది. అది పోయేదాకా మధ్యలో ఏదైనా అడ్డం ఉండాలి. ప్రాణం తీసే వస్తువు అందకుండా చెయ్యడం ఆత్మహత్యల్ని ఆపే ముఖ్యమైన మార్గాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మీలో ఎవరికైనా ఆ రాత్రి లాంటి రాత్రి ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్క రూమ్ తలుపు కొట్టినా సరే.

"దొంగొస్తే ఇదంతా తీసి బిగించేసరికి తెల్లారిపోదా?" అని బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు. తాతయ్య జవాబు: "ఇరవయ్యేళ్ళు బేంకు ముందు నిలబడ్డాను. ఒక్కపాలి పేల్చనేదు. ఇంట్లో ఎవుడి మీద పేలుస్తావురా?" దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడేమో. పిల్లలు, కోపాలు, రిజల్టులు రోజూ ఇంట్లోనే ఉంటాయి. సేఫ్ ఎంచుకునేటప్పుడు బయటివాడి కంటే ముందు లోపలివాళ్ళని లెక్కలోకి తీసుకోవాలని నేను అనేది అందుకే.

చట్టం కూడా దాదాపు ఇదే అడుగుతుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలంటే తుపాకీని భద్రంగా దాస్తానని హామీపత్రం ఇవ్వాలి. సంతకం అందరూ పెడతారు, పెట్టె ఎంతమంది కొంటారో మీరే ఊహించుకోండి. రెండో తాళంచెవి మేం బ్యాంకు లాకర్లో పెట్టాం. లైసెన్సు తాతయ్య పేరున ఉంది కాబట్టి నాన్న చేతికి కూడా ఇవ్వలేదు.

2024 ఎన్నికలప్పుడు కోడ్ రాగానే తుపాకీ స్టేషన్లో అప్పగించాం. ఫలితాలొచ్చేదాకా అక్కడే ఉంది. ఆ రోజుల్లో నాన్నమ్మ మధ్యాహ్నం కూడా కునుకు తీసేది. అది చూశాకేమో, ఈసారి ఐదేళ్ళ గడువు అయిపోతే రెన్యువల్ చేయించనని తాతయ్య అన్నారు. మరి ఇంత ఖర్చుపెట్టి బిగించిన పెట్టె ఏం చేస్తామన్నాడు బాబాయి. నాన్నమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గొలుసులు, ఇంటి కాగితాలు అందులో పెట్టుకుంటుందట. తాళం మాత్రం ఆయన మొలతాడు నుంచి విప్పి తనకివ్వాలట.