కుట్లు వేసే ముందు తిమ్మిరి మందు అడుగుదాం!

అమ్మలారా, అక్కచెల్లెళ్ళారా! వాళ్ళను ఆపరేషన్‌కు తీసుకెళ్ళే అన్నదమ్ములారా!

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి, తెలంగాణలో 8 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద చూస్తే అది నూటికి 3. ఇది 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని కూడా ఆ సర్వేనే చెప్పింది. ఇన్ని ఆపరేషన్లు అవసరమా? కాదనే మా వాదన. దానికి ఇంకో కరపత్రం వేస్తాం. ఇవాళ అడిగేది ఒక్కటే: ఇంతమంది పొట్టలు కోస్తున్నారు, ఆ తర్వాత నొప్పి సంగతి ఎవరు చూస్తున్నారు?

మత్తు దిగాక ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకు చెప్పక్కర్లేదు. దగ్గొస్తే ప్రాణం పోయినట్టుంటుంది. పక్కకు ఒత్తిగిలలేరు. పాలకు ఏడ్చే బిడ్డను ఎత్తుకోలేరు. నొప్పికి భయపడి మంచం దిగకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అయినా వినపడే మాట, “ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలమ్మా!”

ఎందుకు ఓర్చుకోవాలి? మందు ఉంది కదా!

ఆపరేషన్ ముగించి కోత మూసేటప్పుడు, ఆ కోత పొడవునా చర్మం కింద, కండరం మీది పొరలో తిమ్మిరి మందు ఎక్కిస్తారు. పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే సూది లాంటిదే ఇది. గాయం దగ్గరి నరాలు కాసేపు మొద్దుబారుతాయి, నొప్పి కబురు మెదడుకు చేరదు. ఎక్కువగా వాడేది బుపివకైన్. కొన్ని గంటలు పనిచేస్తుంది. వెన్నుకిచ్చిన మత్తు దిగిపోయి నొప్పి ఒక్కసారిగా మీద పడే గంటలు సరిగ్గా అవే. ఎక్కించడానికి పట్టేది కొద్ది నిమిషాలు. దేశపు అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న పాత మందు, ఆపరేషన్ గదికి కొత్తది కాదు. మరి అలవాటుగా ఎందుకివ్వరు? ఎవరూ అడగరు కాబట్టి!

సిజేరియన్లలో ఈ పద్ధతి మీద వచ్చిన 20 అధ్యయనాలను వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2009లో ఒకచోట చేర్చి చూసింది. వెన్నుమత్తుతో ఆపరేషనై ఈ మందు తీసుకున్న తల్లులకు మొదటి రోజు మార్ఫిన్ లాంటి ఘాటు మందుల అవసరం తగ్గిందని తేల్చింది. ఆ మందులు తగ్గితే వాంతులు, కళ్ళు తిరగడం తగ్గుతాయి. పచ్చి కుట్ల మీద వాంతి ఎంత నరకమో మగవాళ్ళకు తెలియకపోవచ్చు, పక్కన కూర్చున్న అత్తగారికి తెలుసు.

అబద్ధాలు చెప్పి ఆశపెట్టం. నొప్పి మొత్తం పోదు. లోపల, గర్భసంచి ఉన్నచోట వచ్చే నొప్పికి ఇది అందదు. పారాసిటమాల్ లాంటి మాత్రలు వేళకు వేసుకోవాల్సిందే. వెన్నుమత్తులో మార్ఫిన్ కూడా కలిపి ఇస్తే దీనివల్ల అదనంగా ఒరిగేది తక్కువ. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీలో లాభం అంత స్పష్టంగా తేలలేదు. పెద్ద కోతలోనే దీని విలువ.

మోతాదు మనిషి బరువును బట్టి డాక్టర్లే లెక్కకడతారు. ఎక్కువైతే గుండెకూ మెదడుకూ ప్రమాదం. అందుకే గుండెజబ్బు, కాలేయం జబ్బు ఉన్నా, పళ్ళ డాక్టరు దగ్గర సూది పడక ఇబ్బందైనా ముందే చెప్పండి. మందిచ్చాక చెవుల్లో హోరు, నాలుక తిమ్మిరి అనిపిస్తే వెంటనే సిస్టర్‌ను పిలవండి. పాలిచ్చే తల్లికి ఈ మందు అడ్డు కాదు.

డాక్టరమ్మలారా, మత్తు డాక్టర్లారా! మీ పని ఒత్తిడి మాకు తెలుసు. ఆ కొద్ది నిమిషాలు మా కోసం కేటాయించండి. ఇచ్చారో లేదో కేస్ షీట్‌లో రాయండి. జ్వరం, బీపీ చూసినట్టే నొప్పి ఎంతుందో కూడా అడిగి రాయండి. ఆసుపత్రి సూపరింటెండెంట్లు ఈ మందు ఆపరేషన్ గదిలో ఎప్పుడూ నిండుకోకుండా చూడాలి. ఆశా అక్కలు కాన్పుకు తీసుకెళ్ళే ప్రతి తల్లికీ ఈ సంగతి చెప్పాలి.

ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: “డాక్టరుగారూ, కుట్లు వేసేటప్పుడు గాయానికి తిమ్మిరి మందు ఇస్తారా? ఇవ్వకపోతే నొప్పికి ఇంకేం ఇస్తారు?” నోరు రాకపోతే ఈ కరపత్రమే వాళ్ళ చేతికివ్వండి!