గొంతు పెంచితే దారి దొరకదు



మన సంఘంలో హ్యామ్ రేడియో మాట ఎత్తగానే రెండు ప్రశ్నలు వస్తాయి. "సెల్‌ఫోను ఉండగా ఇదెందుకు?" అనేది ఒకటి. "పెట్టాం గదా, పోయిన వానల్లో మెసేజీ అవతలికి చేరలేదే" అనేది రెండోది. మొదటిదానికి జవాబు 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో చెప్పింది, 2016 డిసెంబరులో వర్దా చెన్నైలో చెప్పింది. కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి. పిచ్చాటూరు డ్యాం గేట్లు ఎత్తితే ఆరణి నది మన ఊత్తుకోట మీదుగానే పోవాలి. ఆ రాత్రి ముందు కబురు రావాలా, నీళ్లు రావాలా?

రెండో ప్రశ్న మీదే మా పోట్లాట. మెసేజీ చేరకపోతే మనవాళ్లు పవరు పెంచుతారు, లేదా ఇంకో నాలుగు స్టేషన్లు తిప్పి పంపేలా దారి పొడిగిస్తారు. రెండూ జబ్బును పెంచే మందులే అంటాం మేము.

ప్యాకెట్ రేడియోలో అందరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ, వేగం 1200 బాడ్. వంతులవారీగా మాట్లాడాలి. ఒక ప్యాకెట్‌ను ఏడుసార్లు తిప్పమంటే, విన్న ప్రతి రిపీటరూ దాన్నే మళ్లీ పలుకుతుంది. అంతసేపూ మిగతావాళ్ల నోరు కట్టేసినట్టే. పైగా కొండకు ఇటున్న స్టేషన్‌కు అటున్నది వినబడదు. ఖాళీ అనుకుని రెండూ ఒకేసారి పలికితే మధ్య నోడ్‌కు ఏదీ అర్థం కాదు. పవరు పెంచితే ఈ గుద్దులాట తీరదు.

నెట్‌రామ్ నోడ్లది ఇంకో తంటా. అవి తమకు తెలిసిన దారులను మామూలుగా గంటకోసారి చాటుతాయి. విన్న నోడ్ ఆ దారిని రాసుకుంటుంది. వినబడింది కాబట్టి తన మాటా అక్కడికి చేరుతుందనుకుంటుంది. సముద్రతీరంలో కొన్ని రాత్రులు గాలి పొరల వల్ల ఎక్కడో దూరపు స్టేషన్ పక్కవీధిలో ఉన్నట్టు వినిపిస్తుంది. తెల్లారితే ఆ దారి ఉండదు. పట్టికలో మాత్రం ఇంకొన్ని గంటలు ఉంటుంది. మెసేజీ ఆ లేని దారిలో పోయి పోయి చస్తుంది.

కండలేరు నుంచి కృష్ణా నీళ్లు మన జీరో పాయింట్‌కు, అక్కడినుంచి పూండికి వస్తున్నాయి. నీళ్లు తగ్గితే కాలువ వెంట నడిచి, ఎక్కడ ఎంత ఉందో కొలిచి, కారేచోటు పట్టాలి. ఇక్కడా అంతే. ముందు పక్క నోడ్ ఒక్కదానికే కనెక్ట్ కండి. ఎన్నిసార్లు తిరిగి పంపాల్సి వచ్చిందో నోటుబుక్కులో రాయండి. అవతలివాళ్లనూ మనవైపు అలాగే చేయమనండి. రెండువైపులా నిలిచాకే తర్వాతి నోడ్ సంగతి. నిలిచిన దారిని పట్టికలో చేత్తో బిగించండి. గాలివాటుగా విన్నదాన్ని నమ్మొద్దు.

"మిషన్ దానంతటదే దారి వెతుక్కోవాలి గదా" అంటారు. పదిదారులున్న చోట వెతుక్కోనీండి. ఉన్నవే మూడు నాలుగు నోడ్లయితే, మనిషి చూసి బిగించిన దారే గట్టిది.

ఈశాన్య వానలు అక్టోబరులో మొదలు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వొద్దు. ఆడి నెలలోనే, లైసెన్సున్నవాళ్లు రెండుచోట్లా కూర్చుని ఈ పరీక్ష చేయాలి. కొత్త యాంటెన్నాకు చందా ఆ తర్వాత అడగండి, ఇస్తాం. ముందు ఆ నోటుబుక్కు చూపించండి.