చమురు పాతరలు

పూర్వం మెట్టప్రాంతాల రైతులు పంట చేతికి రాగానే గింజలన్నీ అమ్ముకొనేవారు కారు. లోతైన గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవారు. దానినే పాతర అంటారు. వానలు మొగం చాటేసిన ఏడు ఆ పాతరే ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది. ధాన్యం విషయంలో మన పెద్దలు పాటించిన ఆ నీతిని నేడు దేశం చమురు విషయంలో పాటించవలసి ఉంది.

మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాలనుండి దిగుమతి అవుతున్నది. పశ్చిమాసియానుండి వచ్చే చమురు ఎక్కువగా హార్ముజ్ జలసంధి అనే ఇరుకైన సముద్రమార్గం మీద ఆధారపడి ఉంది. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ ధర పెరుగుతుంది. 1973లో అరబ్బు దేశాలు సరఫరా తగ్గించగా కొద్ది నెలలలోనే చమురు ధర సుమారు నాలుగు రెట్లయింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మళ్ళీ ధర మండింది. అప్పటికే బలహీనంగా ఉన్న మన విదేశీ మారక నిల్వలు మరింత తరిగిపోయాయి. 1991 జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టవలసి వచ్చింది.

ఈ అనుభవాలతోనే చమురును భూగర్భంలో నిలవచేసే పథకం రూపొందింది. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షల టన్నులు, ఉడిపి జిల్లా పాదూరులో 25 లక్షల టన్నులు పట్టే రాతి గుహలను తొలిచారు. గుహ చుట్టూ రాతి సందులలో ఉండే నీటి ఒత్తిడి చమురు ఒత్తిడికంటె ఎక్కువగా ఉండేటట్లు చూస్తారు. అందువల్ల చమురు బయటికి పోదు. నీరే కొద్దికొద్దిగా లోపలికి ఊరుతుంది. దానిని తోడివేస్తారు.

2020 ఏప్రిల్, మే నెలలలో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా వాడకం తగ్గి ధర పడిపోయింది. అప్పుడు బ్యారెల్‌కు సగటున 19 డాలర్లకే కొని ఈ గుహలను నింపారు. దానివల్ల సుమారు 5,000 కోట్ల రూపాయలు ఆదా అయినట్లు ప్రభుత్వం ప్రకటించింది. పాతరను పంటకాలంలో నింపాలి గాని కరువులో కాదు.

అయితే ఈ మూడు గుహలూ నిండినా, 2019-20 వాడకం లెక్కన తొమ్మిదిన్నర రోజులకే సరిపోతాయి. చమురు సంస్థల దగ్గరుండే నిల్వలు వేరు. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాలకు 90 రోజుల దిగుమతులకు సమానమైన నిల్వ ఉండాలని నియమం పెట్టింది. మనమూ ఆ స్థాయిని దాటాలి.

"ఇంత ధనం భూమిలో పాతిపెట్టడమెందుకు? బడులు, ఆసుపత్రులు కట్టవచ్చు కదా" అని కొందరంటారు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని డీజిలు ధర పెరిగితే లారీ కిరాయి పెరుగుతుంది. కూరగాయల ధరలు, పప్పుల ధరలు పెరుగుతాయి. ఆ దెబ్బ ముందుగా తగిలేది కూలినాలి చేసుకొనే కుటుంబానికే. కనుక నిల్వ పేదవానికే ఎక్కువ రక్ష.

2021లో ఒడిశాలోని చండీఖోల్‌లోను, పాదూరులోను కొత్త నిల్వల నిర్మాణానికి కేంద్రం ఆమోదించింది. ఇటువంటి నిర్మాణాలకు భూములు ఇచ్చేవారికి న్యాయమైన పరిహారం, పునరావాసం ముందుగా అందాలి. దేశానికి భద్రత కల్పించే పని ఏ పల్లెకూ అభద్రత కాకూడదు.

ఒక్క మాట మరువరాదు. పాతర పంట పండించదు. కష్టకాలంలో గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువును వాడుకోవడం మన చేతిలో ఉంది. తమిళనాడులోని ముప్పందల్ గాలిమరలు, కర్ణాటకలోని పావగడ సౌరపలకలు ఇచ్చే విద్యుత్తుతో బస్సులు, బండ్లు నడిస్తే దిగుమతి తగ్గుతుంది. దగ్గరి దూరాలకు నడక, దూరప్రయాణాలకు రైలు, బస్సు అలవాటు చేసుకొంటే మరికొంత తగ్గుతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వివేకం కాదు. పాతరలు నింపడం ప్రభుత్వం పని. వాటిని త్వరగా ఖాళీ చేయకుండా చూడడం మనందరి పని.