పచ్చ టిక్కు పడితే కూలి ముట్టినట్టేనా?

మొన్న శుక్రవారం లంచ్ దగ్గర పెద్ద గొడవే అయ్యింది. టేబుల్ చుట్టూ ఐదుగురం, ఐదుగురమూ మనోళ్ళమే. మేం పనిచేసేది అమెరికాలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలకి పేరోల్ సాఫ్ట్‌వేర్ రాసే చోట. ఇక్కడ ఫెడరల్ డబ్బుతో కట్టే రోడ్లు, బిల్డింగుల మీద పనిచేసేవాళ్ళకి "ప్రివెయిలింగ్ వేజ్" ఇవ్వాలి. అంటే ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న కూలి. ఇచ్చామని వారం వారం సర్టిఫైడ్ పేరోల్ అని ఒకటి పంపాలి. ఆ రిపోర్టు తయారుచేసే మాడ్యూలు మాది. మాటల మధ్యలో ఒకాయన అన్నాడు: "కరెంటు పని చేసేవాడికి గంటకి అంతంత ఇవ్వమనడమేంటి బాస్? ఇదంతా యూనియన్ల దోపిడీ. కాంట్రాక్టరుకి కావాల్సింది రిపోర్టులో పచ్చ టిక్కు. మనం అదిస్తే చాలు."

ఆ మాటన్న పెద్దమనిషి హెచ్1బి మీద ఉన్నాడు. ఆయన ఎల్సీఏ కాగితం మీద కూడా ఇవే రెండు పదాలున్నాయి, ప్రివెయిలింగ్ వేజ్ అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నాకేమో గొడవల్లో చెప్పాల్సిన మాటలు రాత్రి పడుకున్నాక గుర్తొస్తాయి. అందుకే ఈ టపా.

ముందు కథ చెప్తాను. 1927లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టే కాంట్రాక్టు ఎక్కడో అలబామా కంపెనీకి దక్కింది. వాళ్ళు తక్కువ కూలికి పనిచేసే జనాన్ని అక్కణ్ణుంచే తోలుకొచ్చారు. మేస్త్రీలు పాలమూరు లేబర్‌ని డ్యాముల దగ్గరికి తీసుకెళ్ళిన కథలు విన్నవాళ్ళకి ఈ బొమ్మ కొత్తేం కాదు. ఆ నియోజకవర్గం ప్రతినిధి రాబర్ట్ బేకన్ దీని మీద బిల్లు పెట్టాడు. నాలుగేళ్ళు నలిగి నలిగి, సెనేటర్ జేమ్స్ డేవిస్ కూడా కలిశాక, 1931 మార్చి 3న హూవర్ సంతకంతో డేవిస్-బేకన్ చట్టం అయ్యింది. దాని సారం ఒక్కటే. ప్రభుత్వం తక్కువ పాటకి పని అప్పజెప్పచ్చు, కానీ ఆ తగ్గించిన సొమ్ము కూలివాడి కడుపు కొట్టి తేకూడదు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. వాళ్ళని రానివ్వకూడదన్న కుళ్ళు కూడా అప్పటి సభలో కొందరి మాటల్లో కనపడింది. చట్టాన్ని తిట్టేవాళ్ళు ఈ విషయాన్నే ముందుకు తెస్తారు. పుట్టుక మకిలిదే, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ సైట్ల మీద కూలి ఎగ్గొడితే ముందు నష్టపోయేదెవరు? ఇంగ్లీషు సరిగ్గా రాని, కాగితాల భయం ఉన్న వలస కూలీ. ఈ చట్టం తీసేస్తే ఆయనకి ఒరిగేదేంటో ఎవరైనా చెప్పండి.

సరే, రూలు ఎలా పనిచేస్తుందో మన భాషలో చెప్తాను. కాంట్రాక్టు 2,000 డాలర్లు దాటితే చాలు, వర్తిస్తుంది. 1935లో పెట్టిన అంకె అది, ఇప్పటికీ అదే! పని నాలుగు రకాలు: బిల్డింగు, నివాస గృహాలు, హైవే, మిగతా భారీ పనులు. కౌంటీ వారీగా, పనివాడి రకం వారీగా కార్మికశాఖ రేట్లు ప్రకటిస్తుంది. రేటులో రెండు ముక్కలుంటాయి, ఒకటి గంట కూలి, రెండోది ఫ్రింజ్, అంటే ఇన్సూరెన్సు, పెన్షను లాంటివి. ఫ్రింజ్ 1964లో వచ్చి చేరింది. దాన్ని ప్లాన్లో వెయ్యచ్చు, లేదా నగదుగా చేతికివ్వచ్చు.

ఇప్పుడు కోడ్ రాసేవాడి కళ్ళతో చూడండి. ఉదాహరణకి ఎలక్ట్రీషియన్ రేటు 32 డాలర్లు, ఫ్రింజ్ 12 అనుకుందాం (నా లెక్క సులువు కోసం వేసిన అంకెలు). వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్. కొత్తగా చేరినవాడెవడైనా 44ని ఒకటిన్నరతో గుణించి 66 అంటాడు. తప్పు. ఒకటిన్నర గంట కూలికే, ఫ్రింజ్‌కి కాదు. 48 ప్లస్ 12, మొత్తం 60.

ఇంకోటి. కాంట్రాక్టరు ఒక మనిషి ఇన్సూరెన్సుకి ఏడాదికి 6,240 డాలర్లు కడుతున్నాడు. ఆ మనిషి ఏడాదిలో 2,080 గంటలు పనిచేస్తే, అందులో ఫెడరల్ పని 1,040 గంటలే. కాంట్రాక్టరు మొత్తం ఖర్చుని ఫెడరల్ గంటల మీదే రుద్ది "గంటకి 6 ఫ్రింజ్ ఇస్తున్నా" అంటాడు. కుదరదు బాబూ, ఏడాది గంటలన్నిటి మీదా పంచాలి, గంటకి 3 మాత్రమే. దీన్ని యాన్యువలైజేషన్ అంటారు. ఇలాంటివన్నీ కోడ్ పట్టేస్తుంది. రాసినప్పుడు భలే సంతోషంగా ఉంటుంది కూడా.

కోడ్ పట్టలేనిది ఒకటుంది. అదే మనిషిని రిపోర్టులో "లేబరర్" అని రాస్తే? లేబరర్ రేటు 18, ఫ్రింజ్ 4 అనుకోండి. గంటకి 44 పోయి 22 అయ్యింది. 40 గంటలకి 880 డాలర్లు గల్లంతు. ఐదుగురి క్రూకి వారానికి 4,400. సాఫ్ట్‌వేర్ చూస్తుంది: లేబరర్‌కి లేబరర్ రేటు ఇచ్చారా? ఇచ్చారు. పచ్చ టిక్కు!

దీనికి నేను కూడా చెయ్యి వేశాను. అసలు ఈ టపా రాయడానికి కారణం అదే. రెండేళ్ళ క్రితం ఒక క్లయింట్ అడిగాడు, వారం చివర్లో మొత్తం క్రూ క్లాసిఫికేషన్ని ఫోర్‌మన్ ఒకే క్లిక్కుతో మార్చుకునే సౌకర్యం కావాలని. రెండు రోజుల్లో రాసిచ్చాను. "సూపర్" అని మెయిల్ కూడా వచ్చింది. కొన్నాళ్ళకి వేరే బగ్ కోసం లాగులు తవ్వుతుంటే కనపడింది. సోమవారం నుంచి గురువారం దాకా ఎలక్ట్రీషియన్లుగా ఉన్న అవే ఐదు పేర్లు, శుక్రవారం సాయంత్రం పేరోల్ నడిచే ముందు, వారం మొత్తానికీ లేబరర్లైపోతున్నాయి. ఒక వారం కాదు, ప్రతి వారం. లీడ్‌కి చెప్తే "అది క్లయింట్ డేటా, మనకెందుకు" అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. నా వీసా ఎక్స్‌టెన్షన్ అప్పుడు పెండింగులో ఉంది. ఇంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఇప్పుడు లంచ్ టేబుల్ దగ్గరికి వద్దాం. ఆరేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి ఎల్సీఏలో లెవెల్ 1 అని చూపించిన కన్సల్టెన్సీలు మనకి తెలీవా? నాలుగు లెవెళ్ళలో కింది మెట్టు మీద కూర్చోబెట్టి ఆ రేటే ప్రివెయిలింగ్ అన్నారు. ఎలక్ట్రీషియన్ని లేబరర్ అనడానికీ దీనికీ తేడా ఏంటి? అక్కడ చేతిలో స్క్రూడ్రైవర్, ఇక్కడ కీబోర్డు, అంతే.

పోలిక ఇంకా ఉంది. 1934లో కోప్‌లాండ్ చట్టం అని వచ్చింది. కాగితం మీద పూర్తి కూలి ఇచ్చి, వెనకనించి కొంత నగదు లాక్కోవడం అప్పట్లో మామూలు. దాన్ని నేరం చేసి, వారం వారం పేరోల్ లెక్క ఇవ్వమన్నారు. బెంచ్ మీద ఉన్నప్పుడు కూడా జీతం ఇవ్వాలని హెచ్1బి రూలు చెప్తుంది. కానీ నా పాత రూమ్మేట్‌కి ఏం జరిగిందో చెప్పనా? ప్రాజెక్టు లేని మూణ్ణెల్లూ పేస్లిప్పులు ఠంచనుగా వచ్చాయి. ఆ డబ్బు వాళ్ళ నాన్నగారు ఊళ్ళో కంపెనీ మనిషికి నగదుగా ముట్టజెప్పారు. 1934లో తాపీ పనివాడికి జరిగిందే ఎంటెక్ చదివినవాడికీ జరిగింది. మళ్ళీ మనమే "వాళ్ళకి అంతంత కూలి ఎందుకు" అంటున్నాం.

"ఖర్చు పెరుగుతుంది కదా, అది మన ట్యాక్సే కదా" అంటారు. ఎంత పెరుగుతుందన్నదాని మీద ఆర్థికవేత్తలే ఇంకా కొట్టుకుంటున్నారు, నేను తేల్చలేను. 2005 సెప్టెంబరు 8న, కత్రినా తుఫాను తర్వాత, బుష్ ఆ ప్రాంతాల్లో ఈ రూలు ఎత్తేశాడు. కట్టడాల ఖర్చు తగ్గుతుందన్నారు. అంటే ఇల్లు కొట్టుకుపోయినవాడు తన ఊరు తాను తిరిగి కట్టుకోవడానికి వెళ్తే తక్కువ కూలి తీసుకోవాలన్నమాట! సొంత పార్టీలోనే గొణుగుడు మొదలై, రెండు నెలలకి, నవంబరు 8న, మళ్ళీ పెట్టారు.

"రేట్లే తప్పుల తడక" అన్నది మాత్రం అర్ధబలం ఉన్న వాదన. రేట్లు కట్టే సర్వే పద్ధతిని 2011లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే తప్పుబట్టింది. మెజారిటీకి ఒకే రేటు లేకపోతే కనీసం 30 శాతం మందికి అందుతున్న రేటు తీసుకోవాలన్న పద్ధతిని 1980లలో తీసేసి, 2023లో మళ్ళీ తెచ్చారు. చిన్న కాంట్రాక్టరుకి ఈ కాగితాలు నిజంగానే తలనొప్పి. ఆ తలనొప్పి తగ్గించడానికే కదా మనలాంటివాళ్ళం ఉన్నది! పని సులువు చెయ్యడం వేరు, మోసం సులువు చెయ్యడం వేరు. నేను చేసింది రెండోది.

చెప్పొచ్చేదేంటంటే, ఈ రూలు పాటించడమంటే ఫారం నింపడం కాదు. డబ్ల్యూహెచ్-347 అనే ఆ ఫారం చివర "ఇదంతా నిజం" అని సంతకం ఉంటుంది. అబద్ధమని తేలితే కేసు పడుతుంది, మూడేళ్ళ పాటు ఫెడరల్ పనులు దక్కకుండా పోవచ్చు. సబ్-కాంట్రాక్టరు ఎగ్గొడితే పైనున్న కాంట్రాక్టరు కట్టాలి. ఇంత పకడ్బందీగా ఉన్నా అసలు నిజం తెలిసిన మనిషి ఒక్కడే, ఆ రోజు వైరు లాగినవాడు. అందుకే రేట్ల పట్టికని సైటులో అందరికీ కనపడేలా అంటించమన్నారు. అందుకే అధికారులు సైటుకొచ్చి నువ్వేం పని చేస్తున్నావని కూలీని అడిగి, ఆ జవాబుని పేరోల్‌తో పోలుస్తారు. 2006 తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో చేసిందీ ఇదే. మస్టరులో ఉన్న పేరూ, కూలీ గ్రామసభలో చదివి వినిపిస్తే దొంగ లెక్కలు బయటపడ్డాయి.

కాబట్టి ఈ రంగంలో కోడ్ రాసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మనవి. ఒకటి, క్లాసిఫికేషన్ ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెరపడానికి వీల్లేకుండా రికార్డు చెయ్యండి. రెండు, ఒకే రోజులో నాలుగు గంటలు ఎలక్ట్రీషియన్, నాలుగు గంటలు లేబరర్‌గా పనిచేస్తే గంటలు విడివిడిగా రాసుకునే దారి ఇవ్వండి. రూలు దాన్ని ఒప్పుకుంటుంది, విడి లెక్క ఉంటేనే. మూడు, ఏ పని కింద, ఏ రేటుకి, ఎంత ఫ్రింజ్‌తో రాశారో ఆ మనిషి ఫోనుకి వాడి భాషలో పంపండి. స్పానిష్‌లో నాలుగు లైన్లు రాయడానికి స్ప్రింట్ మొత్తం అక్కర్లేదు.

నేను మొదటిది చేశాను. డీబగ్గింగ్ కోసమని చెప్పి లాగ్ దూర్చాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడోది ఈసారి ప్లానింగ్ మీటింగులో నా పేరుతోనే పెడుతున్నాను. "క్లయింట్లు ఒప్పుకోరు" అంటారని తెలుసు. ఎందుకు ఒప్పుకోరో మీటింగులో పైకి చెప్పమంటాను.

ఆ ఐదు పేర్లు ఇంకా గుర్తున్నాయి. వాళ్ళకి పోయిన డబ్బు నా లాగ్ తిరిగి ఇవ్వదు. కార్మికశాఖకి ఫిర్యాదు ఎవరైనా చెయ్యచ్చు, పేరు గుప్తంగా ఉంచుతారు. ఈ సంగతి అప్పుడే తెలిసినా చేసేవాణ్ణా? ఏమో, ధైర్యంగా అవునని చెప్పలేను. ఈసారి చేస్తాను.

తా.క.: మీ ఆఫీసు ప్యాంట్రీలో మైక్రోవేవ్ పక్కన ఎల్సీఏ నోటీసు ఎప్పుడైనా అంటిస్తే ఒకసారి ఆగి చదవండి. లెవెల్ ఎంతో, రేటు ఎంతో చూడండి. చదివాక కూడా ప్రివెయిలింగ్ వేజ్ దోపిడీ అనిపిస్తే కింద తిట్టండి, పడతాను :)