సినిమాకు చోటివ్వండి, చోటంతా ఇవ్వకండి

ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు 1971లో మొదలైంది. అప్పటి నుంచీ అందులో ఒక నది ఉండేది. మనుషులు తవ్విన నదే అయినా దాని మీద ఆవిరి పడవ తిరిగేది. నది మధ్యలోని టామ్ సాయర్ దీవికి జనం తెప్పల మీద వెళ్లి, గుహల్లో, వంతెనల మీద తమ ఇష్టం వచ్చినట్టు తిరిగేవారు. 2025 జులైలో ఆ నదినీ దీవినీ మూసేశారు. అక్కడ 'కార్స్' యానిమేషన్ సినిమాల ఆధారంగా కొత్త ప్రాంతం కడుతున్నారు. ఒక సినిమాను చూసి ఒక రైడ్ కట్టడంలో తప్పేమీ లేదు. పార్కులో ల్యాండ్ అని పిలిచే విభాగం మొత్తాన్ని, అంటే వీధులు, దుకాణాలు, హోటళ్లు, అక్కడి సిబ్బంది మాట తీరు సహా, ఒకే సినిమా సిరీస్‌కు రాసిచ్చెయ్యడమే సరికాదని నా వాదన. పదిహేనేళ్లుగా ప్రపంచంలోని పెద్ద పార్కులు చాలావరకు ఆ దారినే నడుస్తున్నాయి. అందువల్ల వాళ్లకు వస్తున్నదెంత, చేజారుతున్నదెంత అని లెక్క చూసుకోవాల్సిన సమయమిది.

మొదట్లో పద్ధతి ఇలా లేదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ మొదలైనప్పుడు అందులోని విభాగాల పేర్లు అడ్వెంచర్‌ల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్, ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్. సాహసం, సరిహద్దు సీమ, అద్భుతం, రేపటి కాలం: ఇవేవీ ఒక్క సినిమా సొత్తు కావు. ఫాంటసీల్యాండ్‌లో స్నో వైట్, పీటర్ పాన్ వంటి డిస్నీ సినిమాల రైడ్లు అప్పుడే ఉన్నాయి. కానీ అవన్నీ అద్భుత కథలనే ఒకే చూరు కింద ఇరుగుపొరుగుల్లా సర్దుకున్నాయి. 1987లో 'స్టార్ వార్స్' ఆధారంగా స్టార్ టూర్స్ రైడ్ వచ్చినప్పుడు దానికి టుమారోల్యాండ్‌లో చోటు దొరికింది. 1995లో ఇండియానా జోన్స్ రైడ్‌ను అడ్వెంచర్‌ల్యాండ్ తనలో కలుపుకుంది. ఆ రెండు సినిమాల కోసం ల్యాండ్ పేరు మార్చాల్సిన పని గానీ, పాతవాటిని పూర్తిగా ఖాళీ చేయించాల్సిన పని గానీ పడలేదు. విశాలమైన ఇతివృత్తానికి ఉన్న బలం అదే. కాలానికి తగ్గట్టు కొత్త కథను లోపలికి తీసుకోగలదు, పాతబడ్డ కథను సాగనంపగలదు, తాను మాత్రం నిలిచి ఉంటుంది.

ఈ పద్ధతిని తిరగరాసింది హ్యారీ పాటర్. 2010 జూన్ 18న ఓర్లాండోలోని యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో మంచు కప్పిన హాగ్స్‌మీడ్ గ్రామం, దాని వెనక హాగ్వర్ట్స్ కోట వెలిశాయి. పరిశ్రమ అంచనాల ప్రకారం 2009లో సుమారు 46 లక్షలున్న ఆ పార్కు సందర్శకుల సంఖ్య 2011 నాటికి 76 లక్షలు దాటింది. ఆ కథల్లోని బటర్‌బీర్ పానీయం కోసం, మంత్రదండం కోసం జనం బారులు తీరారు. ఆ దెబ్బతో అందరి ఆలోచనా మారిపోయింది. 2012లో కార్స్ ల్యాండ్, 2017లో 'అవతార్' సినిమా పాండోరా, 2018లో ఫ్లోరిడాలో టాయ్ స్టోరీ ల్యాండ్, 2019లో 'స్టార్ వార్స్' గెలాక్సీస్ ఎడ్జ్, 2023లో హాంకాంగ్‌లో 'ఫ్రోజెన్', షాంఘైలో 'జూటోపియా' వరసగా వచ్చాయి. 2025 మే నెలలో ఓర్లాండోలో మొదలైన ఎపిక్ యూనివర్స్‌లో ఐదు లోకాలుంటే, వాటిలో నాలుగు పేరున్న సినిమాలవో వీడియో గేములవో.

ఇందులో మొదటి చిక్కు ఆయుష్షుది. ఒక ల్యాండ్‌ను కనీసం ఒక తరం పాటు నిలవాలని కడతారు. సినిమా మీద మోజు అంతకాలం నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1998లో వచ్చిన 'ఎ బగ్స్ లైఫ్' పిక్సార్ విజయాల్లో ఒకటి. దాన్ని నమ్ముకుని డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో 2002లో ఒక ల్యాండ్ కట్టారు. మనిషి చీమంత అయిపోతే లోకం ఎలా కనిపిస్తుందో చూపించే చక్కటి ఊహ అది. అయితే ఆ సినిమాకు కొనసాగింపు రాలేదు, తర్వాతి పిల్లలకు ఆ చీమలెవరో తెలియలేదు. 2018లో దాన్ని మూసి, ఆ స్థలాన్ని మార్వెల్ వీరుల అవెంజర్స్ క్యాంపస్‌కు ఇచ్చేశారు. దాన్ని పురుగుల లోకంగానే కట్టి అందులో ఈ సినిమాకు ఒక రైడ్ ఇచ్చి ఉంటే, సినిమా మరుగున పడ్డా ల్యాండ్ బతికే అవకాశం ఉండేది. గడ్డిపరకల కింద నడవాలన్న సరదా పిల్లలకు ఏ కాలంలోనూ తీరదు.

అంతకంటే పెద్ద ఉదాహరణ గెలాక్సీస్ ఎడ్జ్. కాలిఫోర్నియాలో ఒకటి, ఫ్లోరిడాలో ఒకటి, ఒక్కోటి 14 ఎకరాలు. కట్టినవాళ్ల నైపుణ్యానికి వంక పెట్టలేం. కోకాకోలా సీసాను కూడా గుండ్రటి బంతిలా చేసి, దాని మీద ఆ లోకపు లిపిలో పేరు రాయించారు. దుకాణంలో డాలర్లను క్రెడిట్లు అంటారు, పొద్దున పలకరింపుకు కూడా వేరే మాట పెట్టారు. కానీ ఇంత శ్రద్ధా చూపి, దాన్ని బటూ అనే గ్రహం మీద, అప్పటి కొత్త సినిమాల కాలంలోని కొద్ది రోజులకు బిగించేశారు. దాంతో జనం నలభై ఏళ్లుగా ప్రేమిస్తున్న పాత సినిమాల పాత్రలు ల్యూక్, హాన్ సోలో, డార్త్ వేడర్‌లకు అక్కడ చోటు లేకుండా పోయింది. కాలిఫోర్నియాలో అది మొదలైన వేసవిలో అమెరికాలోని డిస్నీ పార్కుల సందర్శకులు పెరగకపోగా కాస్త తగ్గారు. రద్దీ భయం, పెరిగిన టికెట్ ధరలు, ప్రధాన రైడ్ ఇంకా పూర్తి కాకపోవడం కూడా అందుకు కారణాలే. అయినా ఆ పేరొక్కటే జనాన్ని లాక్కొస్తుందన్న నమ్మకం మాత్రం వమ్మయింది. అదే కథను పొడిగిస్తూ ఫ్లోరిడాలో 2022 మార్చిలో పెట్టిన గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ హోటల్‌లో ఇద్దరు రెండు రాత్రులు ఉండటానికి 4,800 డాలర్ల పైమాటే అయ్యేది. 2023 సెప్టెంబరుకల్లా దాన్ని ఎత్తేశారు. చివరికి 2025లో, కాలిఫోర్నియాలోని ల్యాండ్‌లో ఆ కాలపు కట్టుబాటును సడలించి పాత పాత్రలను తీసుకొస్తామని డిస్నీయే ప్రకటించింది. బిగించిన ముడిని బిగించినవాళ్లే విప్పుకోవాల్సి వచ్చింది.

మరి హ్యారీ పాటర్ సంగతేమిటి, పాండోరా, కార్స్ ల్యాండ్ జనాదరణ మాటేమిటి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ మూడింటినీ నిదానంగా చూస్తే గెలిపించింది కథ కంటే చోటేనని తెలుస్తుంది. హ్యారీ పాటర్ పుస్తకాలు చదివినవాళ్లు మొదటి నుంచీ కోరుకున్నది ఆ బడిలో చదవాలని, ఆ రైలెక్కాలని, ఆ వీధిలో తిరగాలని. కథలోనే ఒక ఊరుంది. కార్స్ ల్యాండ్‌లో కనిపించేది అమెరికా ఎడారి రహదారి పక్కన ఉండే చిన్న పట్నం, ఎర్రరాతి కొండలు, చీకటి పడగానే ఒక్కసారిగా వెలిగే నియాన్ దీపాలు. ఆ సినిమా చూడనివాళ్లు కూడా ఆగి చూస్తారు. పాండోరాలో సినిమా కథానాయకుడే కనిపించడు. కథలోని యుద్ధం ముగిసి తరాలు గడిచాక అన్నట్టు కట్టారు. గాల్లో తేలే కొండల కిందికి వెళ్లాక సినిమా కథ గుర్తుందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. అంటే, సినిమా పేరుతో కట్టినవాటిలో బాగా ఆడినవి సినిమా అక్కర్లేకుండానే నిలబడగలిగినవి. కానీ చాలా సినిమాల బలం మనుషుల మధ్య నడిచే కథలో ఉంటుంది, నడిచి తిరగదగిన చోటులో ఉండదు. అలాంటివాటికి ల్యాండ్ కడితే గోడలకు రంగులు, దుకాణంలో బొమ్మలు మిగులుతాయి తప్ప లోకం తయారవదు.

ఇంకో అభ్యంతరం వ్యాపారానిది. వంద కోట్ల డాలర్లు గుమ్మరించేవాడు జనానికి తెలిసిన పేరునే కోరుకుంటాడు కదా అంటారు. నిజమే, ప్రచారం తేలికవుతుంది. అయితే పేరు వేరేవాళ్లదైనప్పుడు అది అద్దె స్థలంలో మేడ కట్టుకున్నట్టే. 1994లో మార్వెల్‌తో కుదిరిన ఒప్పందంతో యూనివర్సల్ ఓర్లాండోలో ఆ వీరుల ల్యాండ్ కట్టింది. 2009లో డిస్నీ మార్వెల్‌ను కొనేసింది. ఇప్పటికీ యూనివర్సల్ వాడుతున్న ఆ పాత్రలను ఫ్లోరిడాలోని తన సొంత పార్కుల్లో డిస్నీ పెట్టుకోలేదు. అటు యూనివర్సల్ తన పార్కులో పోటీ సంస్థ పాత్రలకు ప్రచారం చేస్తూ కూర్చుంది. సొంత ఊహకు ఇలాంటి తిప్పలు ఉండవు. 1967లో డిస్నీల్యాండ్‌లో మొదలైన 'పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్' రైడ్‌కు ముందు ఆ సినిమా లేదు. రైడ్ వచ్చిన 36 ఏళ్లకు, 2003లో దాని నుంచి సినిమా పుట్టింది. ఐదు సినిమాలు కలిపి 450 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి. ఊహకు పెట్టుబడి పెడితే అది ఆస్తి అవుతుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? సినిమాల్లోంచి తీసుకోవడమే తప్ప సినిమాకు ఇవ్వడం మానేసిన పార్కు ఆ సొంత సంపాదనను వదులుకుంటోంది.

ఆ రైడ్‌లో ఒక దృశ్యం చూడండి. జైల్లో పడ్డ సముద్ర దొంగలు కటకటాల్లోంచి చేతులు చాపి, ఎముక చూపిస్తూ ఒక కుక్కను బతిమాలుతుంటారు. తాళంచెవుల గుత్తి ఆ కుక్క నోట్లో ఉంది. అది మాత్రం కదలదు. పడవలో కూర్చుని వెళ్లేవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి ఏ భాషా రానక్కర్లేదు, ఏ సినిమా చూసి ఉండక్కర్లేదు. పార్కుకు వచ్చేది అభిమానులు మాత్రమే కాదు, కుటుంబాలు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు ఓర్లాండో చూపించడం మామూలే. మనవడికి బటూ గ్రహం స్వర్గంలా ఉండొచ్చు. ఆ సినిమాల పేరే వినని అమ్మమ్మకు అదంతా ఎవరిదో తెలియని పెళ్లిలా ఉంటుంది. కుక్క నోట్లోని తాళాల గుత్తికి ఇద్దరూ కలిసి నవ్వుతారు. మూడు తరాలు ఒకే చోట ఒకే దానికి సంబరపడటం కోసమే పార్కులు పుట్టాయి.

విశాలమైన ఇతివృత్తం పెట్టినంత మాత్రాన గెలుపు ఖాయమా అంటే, కాదు. కాలిఫోర్నియా అడ్వెంచర్ 2001 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు సినిమాల మీద ఆధారపడలేదు. కాలిఫోర్నియా రాష్ట్రాన్నే ఇతివృత్తంగా తీసుకుంది. జనం మెచ్చలేదు. తర్వాత వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి బాగుచేయాల్సి వచ్చింది, ఆ బాగుచేతలో వచ్చిందే కార్స్ ల్యాండ్. సినిమా పక్షం వాళ్లకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు. కానీ అదే ఏడాది సెప్టెంబరులో జపాన్‌లో టోక్యో డిస్నీసీ మొదలైంది. రేవు పట్టణాలు, నిప్పుకొండ, పాత ఓడలు: ఎక్కువ భాగం సొంత ఊహే. ప్రపంచంలోని అత్యుత్తమ పార్కుల్లో ఒకటిగా దానికి నేటికీ పేరుంది. రెండింటి మధ్య తేడా సినిమా ఉండటం లేకపోవడంలో లేదు. ఒకచోట ఖర్చుకూ ఊహకూ కూడా పిసినారితనం చూపారు, ఇంకోచోట రెండూ ధారాళంగా పెట్టారు. నెదర్లాండ్స్‌లోని ఎఫ్తెలింగ్ అంతకంటే పాతది. చిత్రకారుడు ఆంటన్ పీక్ గీసిన బొమ్మల ఆధారంగా 1952లో జానపద కథల అడవితో మొదలైంది. అక్కడ బొద్దు మనిషి ఆకారంలో ఉండే చెత్తబుట్ట కాగితం ఇవ్వమని పిలుస్తుంది, నోటితో లాక్కుని థాంక్స్ చెబుతుంది. పిల్లలు వెతికి వెతికి చెత్త ఏరి తెచ్చి పెడతారు. ఏ సినిమా అండా లేని ఆ కథల అడవి చుట్టూ పెరిగిన పార్కుకు ఇప్పుడు ఏటా 50 లక్షల మందికి పైగా వస్తున్నారు.

ఈ చర్చ మనకు దూరం కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో 'బాహుబలి' సెట్లను పర్యాటకుల కోసం ఉంచారు. వాటిని చూడటానికి జనం వెళ్తున్నారు. అక్కడితో ఆగితే సంతోషమే, అవి సినిమా తీసిన చోటుకు గుర్తులు. రేపు తెలుగు నేల మీద పెద్ద థీమ్ పార్కు కట్టాలనుకున్నవాళ్లు ఒక్క హిట్ సినిమాకు ల్యాండ్ మొత్తం ఇద్దామనుకుంటే మాత్రం మళ్లీ ఆలోచించాలి. 'బాహుబలి'లోని రాజ్యం మాహిష్మతి పేరే సినిమా కంటే ఎంతో పాతది, పురాణాల్లోది. 1951 నాటి 'పాతాళభైరవి'కి మూలం కాశీమజిలీ కథల్లో ఉంది. 1957 నాటి 'మాయాబజార్' శశిరేఖా పరిణయం కథ మీద నిలబడింది. మన గొప్ప జానపద చిత్రాలన్నీ మొలకెత్తిన నేల ఒకటే. ఆ నేలనే ల్యాండ్‌గా కట్టాలి. రాజుల కోటలు, మాంత్రికుల గుహలు, మాయమహళ్లు ఉన్న జానపద సీమ అందులో ఉంటే ఘటోత్కచుడికీ చోటుంటుంది, బాహుబలికీ చోటుంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే సినిమాకూ ఉంటుంది.

కాబట్టి పార్కులు కట్టేవాళ్లు శంకుస్థాపనకు ముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ సినిమా చూడనివాళ్లకు ఇక్కడ గంటసేపు హాయిగా గడుస్తుందా? ఆ సిరీస్ ఆగిపోతే గోడలు పగలగొట్టకుండా ఈ చోటును నడపగలమా? దీని పక్కన రేపు మరో కథకు జాగా ఉందా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఏ సినిమా పేరైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఒక్కదానికి కాదని వచ్చినా ఆ సినిమాకు మంచి రైడ్ ఒకటి కట్టి ఊరుకోవాలి. మిగతా చోటు ఇంకా పుట్టని కథలకు వదిలిపెట్టడం పార్కు నడిపేవాళ్లకు లాభం, అక్కడికి వచ్చే పిల్లలకు హక్కు.