బీడీకి సెలవిస్తారు, నీళ్ళకివ్వరు



షోలాపూర్ కార్ఖానాల్లో మనమంతా ఎరిగిన సంగతే ఇది. నీళ్ళు తాగి వస్తానంటే జాబర్ ముఖం చిట్లిస్తాడు. బీడీ కాల్చుకొస్తానంటే మాట్లాడడు. బీడీ ఆకలిని చంపుతుంది, నిద్రను ఆపుతుంది, పన్నెండు గంటల పాళీ ఎలాగో గడిచిపోతుంది. నీళ్ళు తాగినవాడు మాత్రం కాసేపటికి మూత్రానికి వెళ్ళాలి. అంతసేపూ సాంచాలు ఆగాలి. వెళ్దామన్నా చాలాచోట్ల సరైన మరుగుదొడ్డి లేదు. అందుకని మనవాళ్ళు నీళ్ళు తగ్గించి బీడీలు పెంచారు. దీనివల్ల యజమానికి మిగిలేది నాలుగు టవళ్ళు, మనకు పోయేది మూత్రపిండాలు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరు మనది. రేకుల కప్పు కింద ఒంట్లో నీరంతా చెమటై కారిపోతే మూత్రం చిక్కబడుతుంది. అందులోని కాల్షియం, ఆక్సలేట్ వంటి లవణాలు కరగక పలుకులు కడతాయి, పలుకులు పెరిగి రాళ్ళవుతాయి. దీనికి మొదటి కారణం నీళ్ళు చాలకపోవడమే. బీడీ మానినంత మాత్రాన రాళ్ళు రావని మేము చెప్పం. అయితే పొగాకులోని నికోటిన్, మూత్రాన్ని తగ్గించే హార్మోనును ఒంట్లో పెంచుతుంది. అసలే నీళ్ళు లేనివాడికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

రాయి సంగతి అలా ఉంచినా, పొగ మూత్రపిండాలను చెరుపుతుందనడంలో సందేహం లేదు. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ పెంచుతుంది. మూత్రపిండమంటేనే సన్నని రక్తనాళాల అల్లిక. ఆ అల్లిక చెడితే మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలవుతుంది, ఏళ్ళ తరబడి నొప్పి తెలియదు. పొగాకులోని కాడ్మియం అనే లోహం మూత్రపిండాల్లో చేరి పదుల ఏళ్ళు అక్కడే ఉంటుంది. మూత్రపిండాలకు, మూత్రాశయానికి క్యాన్సర్ తెచ్చే కారణాల్లో పొగ ముఖ్యమైనది. రంగుల ఖాతాలో పనిచేసే సోదరులు మరీ జాగ్రత్తపడాలి. కొన్ని రంగుల రసాయనాలు కూడా మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయి. మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా, నొప్పి లేకపోయినా, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సిగరెట్ చెడ్డది, బీడీ మంచిదనే మాట నమ్మకండి. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా పీల్చాలి, పొగ ఇంకా లోతుకు పోతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చేసి సంసారాలు నెట్టుకొస్తున్నారు, వాళ్ళ కూలి మీద మాకు గౌరవముంది. చేసిన చేతులకు కూలి పెరగాలని కొట్లాడతాం, కాల్చే అలవాటు పోవాలనీ అంటాం. రెండింటికీ తగాదా లేదు.

బీరు తాగితే రాయి పడిపోతుందని చెప్పే పెద్దమనుషులు ప్రతి పాళీలోనూ ఒకరుంటారు. ఆ వైద్యం వాళ్ళకే వదిలేద్దాం. దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం అంతకన్నా ప్రమాదం, అవే మూత్రపిండాలను పాడుచేస్తాయి. మూత్రం లేత పసుపు రంగులో వచ్చేటంతగా నీళ్ళు తాగాలి, ఉప్పు తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.

ఇక యజమానుల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం తాగునీటికి, మరుగుదొడ్లకు వేరువేరు సెక్షన్లు పెట్టింది. 250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలంలో చల్లని నీళ్ళివ్వాలంది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఈ రెండూ యజమాని పూచీలే. కాకపోతే కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనే పాత లెక్కను 20 మందికి పెంచారు. ఒక కప్పు కింది సాంచాలను నలుగురి పేర్ల మీద రాయించే విద్య మన సేట్లకు కొత్తగా నేర్పనక్కరలేదు. పుస్తకంలో ఎందరున్నారని కాదు, పాళీలో ఎందరికి దాహం వేస్తుందని మేము అడుగుతున్నాం. ప్రతి కార్ఖానాలో సాంచాలకు దగ్గరగా మంచినీళ్ళు, తలుపున్న మరుగుదొడ్డి, నీళ్ళ విరామానికి కూలి కోత లేకపోవడం, ఈ మూడూ వచ్చే ఎండలకు ముందే కావాలి.

మీ కార్ఖానాలో వీటిలో ఏది లేదో కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. పేరు రాయనక్కరలేదు, కార్ఖానా గుర్తు, పాళీ రాస్తే చాలు. బీడీ మానాలనుకునేవాళ్ళకు 1800-11-2356 అనే ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, దానికి డబ్బు పడదు.