మీకు తెలిసింది రాసి పెట్టండి

'తగినన్ని నీళ్లు పోయాలి' అని వంటల పుస్తకంలో చదివి విసుక్కోని ఇల్లాలు వుంటుందా? ఎన్ని నీళ్లో రాసినావిడకు తెలుసు. ముప్పై ఏళ్లుగా వండుతున్న చెయ్యి కదా, కొత్తవాళ్లకు తెలియదన్న సంగతే తోచదు. కంప్యూటరు, సెల్‌ఫోను వాడకం చెప్పే సహాయం పేజీలదీ ఇదే తంతు.

ఫైర్‌ఫాక్స్ పేరు వినే వుంటారు. ఇంటర్నెట్ చూడడానికి వాడే బ్రౌజర్. 2004 నవంబరులో మొదటి వెర్షన్ విడుదలైంది. దాన్ని తయారుచేసే మొజిల్లాలో సహాయం పేజీలన్నీ ఉద్యోగులే రాయరు. వాడేవాళ్లు కూడా రాస్తారు, దిద్దుతారు, తమ భాషలోకి మారుస్తారు. ఆ పేజీల ముద్దుపేరు 'సుమో'. బండి కాదు లెండి! ఇంగ్లీషులో సపోర్ట్, మొజిల్లా అన్న మాటల మొదటి రెండేసి అక్షరాలు కలిపారు.

అంతమంది ఎందుకంటారా? 2020 నుంచి దాదాపు నాలుగు వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తోంది. ఒక మీట చోటు మారుతుంది, ఇంకోదాని పేరు మారుతుంది. నిన్నటి పేజీ ఇవాళ తప్పుదారి పట్టిస్తుంది. పైగా కంప్యూటరులో మెనూ గుర్తు మూడు అడ్డగీతలు, ఆండ్రాయిడ్ ఫోనులోనేమో మూడు చుక్కలు. 'మెనూ నొక్కండి' అని ఊరుకుంటే, ఫోను పట్టుకున్నావిడ లేని గీతల కోసం ఎంతసేపని వెతుక్కుంటుంది? పదేళ్లుగా వాడుతున్నవాళ్లకు ఆ తడబాటు గుర్తే వుండదు. నిన్నగాక మొన్న నేర్చుకున్న మీకు గుర్తుంటుంది. 'నాకేం తెలుసని రాయను?' అని వెనక్కి తగ్గేవాళ్లే అక్కడ కావలసినవాళ్లని నేనంటాను.

ఇదేదో కాలక్షేపం అనుకోకండి. 'ప్రైవేట్' కిటికీ తెరిస్తే మనం చూసేది ఎవరికీ తెలియదని నమ్మే ఆడపిల్లలు ఎందరో! చూసిన పేజీల జాబితాను అది మన ఫోనులో మిగల్చదు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీ నుంచి గానీ, ఆఫీసు నెట్ అయితే ఆఫీసు నుంచి గానీ దాచదు. ఈ ముక్క మన భాషలో, మనం మాట్లాడుకునే మాటల్లో వుంటేనే బుర్రకెక్కుతుంది. కొందరు పండితులు బ్రౌజర్‌ను 'విహారిణి' అన్నారు. అందంగానే వుంది గానీ, పక్కింటి పిన్నిగారికి బ్రౌజర్ అంటేనే నయం కాదూ!

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. ముందు ఖాతా తెరవాలి. పేజీ దిద్ది పంపితే, అనుభవం వున్నవారు చూసి సరేనన్నాకే అందరికీ కనిపిస్తుంది. పాడుచేస్తామేమోనన్న బెంగ అక్కర్లేదు. ఒక్క వాక్యం సరిచేసినా పనికొస్తుంది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే కాలేజీకి వెళ్లే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. అర్థం తను చెబుతుంది, తెలుగు మీరు చెప్పండి.

రాసేటప్పుడు మాత్రం ఫోను దగ్గరే పెట్టుకుని, ప్రతి మెట్టూ మీరే నొక్కి చూసుకోండి. తెర బొమ్మ తీసి పంపేటట్టయితే అందులో మీ ఫోను నంబరు, మెయిలు చిరునామా కనబడకుండా చూసుకోండి.